బిస్కట్ దాడి కేసు: ఒక సర్టిఫైడ్ కాపీ

కోర్టు రికార్డులు సులువుగా దొరక్కపోవడం ప్రజలకు పెద్ద వరం! ఈ మాట నేను మత్తులో రాయడం లేదు. మా బ్రాస్‌ఫీల్డ్ కౌంటీ కోర్టువారు క్రిమినల్ కేసుల కాగితాలను ఎంత భద్రంగా దాచారంటే, వాటిని దొంగలు కనుక్కోలేరు, దొరలు కనుక్కోలేరు, చివరికి దాచినవాళ్లు కూడా కనుక్కోలేరు. ఇంత భద్రత ఏ బ్యాంకులో ఉంది?

పేరు టైపు చేస్తే కేసు కళ్లముందుకు రావాలని కొందరు కుర్రవాళ్లు గొణుగుతుంటారు. అలా వచ్చేస్తే జనం ఇల్లు కదులుతారా? కోర్టు మెట్లు ఎక్కుతారా? ఓర్పు ఎక్కడ నేర్చుకుంటారు? మా ఊళ్లో ఓర్పు నేర్పే చోట్లు రెండే ఉన్నాయి. ఒకటి చర్చి, రెండోది కోర్టు గుమాస్తా కిటికీ. చర్చిలో కనీసం కూర్చోవడానికి బల్లలుంటాయి.

నా మాట మీద నమ్మకం లేకపోతే రోజెల్ టాకెట్‌కి ఏం జరిగిందో వినండి.

మాది తూర్పు కెంటకీలో కొండల మధ్య ఇరుకు లోయ. రోజెల్ ఆ లోయలో పసుపు రంగు స్కూలు బస్సు నడుపుతుంది. చిన్నప్పుడు ఆ బస్సెక్కినవాళ్లే ఇప్పుడు తమ పిల్లల్ని ఎక్కిస్తున్నారు. భర్త బొగ్గు గనిలో పట్టిన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక ఆమెకు ఆ బస్సే జీవనాధారం. పొద్దున్నే మంచులో చేతులూపే పిల్లలే పలకరించే దిక్కు.

ఈ మధ్య మా స్కూలు బోర్డువారు డ్రైవర్ల గతాన్ని తవ్వి ఇచ్చే ఒక కంపెనీని కుదుర్చుకున్నారు. ఆ కంపెనీ ఎక్కడుందో మాకెవరికీ తెలియదు. దానికి మాత్రం మా అందరి గురించీ తెలుసు. రోజెల్ పేరు కొట్టగానే రెప్పపాటులో జవాబొచ్చింది. పోలీసు అధికారిపై దాడి. అరెస్టు. తీర్పు: సమాచారం లేదు.

బస్సుల వ్యవహారం చూసే గార్నెట్ హోలిఫీల్డ్ ఆమెను పిలిచి తాళాలు బల్ల మీద పెట్టమన్నాడు. కేసు ఏమైందో కోర్టు ముద్రతో కాగితం తెస్తే తిరిగి ఇస్తానన్నాడు. ఈ గార్నెట్ ఒకటో తరగతిలో ఆమె బస్సులోనే వాంతి చేసుకుంటే, రోజెల్ మూతి కడిగి, తన స్వెటర్ తొడిగి ఇంటికి చేర్చింది. కానీ నిబంధనల్లో వాంతుల ప్రస్తావన లేదు కదా!

ఇంతకీ ఆ దాడి ఏమిటి?

ఏనాటి మాటో ఇది, రోజెల్ అప్పుడే స్కూలు ముగించి, చేతి తొడుగుల ఫ్యాక్టరీలో బొటనవేళ్లు కుట్టే పనిలో చేరింది. జీతాల కోసం సమ్మె జరిగింది. ఆడవాళ్లందరూ గేటుకు అడ్డంగా కూర్చున్నారు. డెంజిల్ కూంబ్స్ అనే డెప్యూటీ షెరీఫ్, అంటే మా కౌంటీ పోలీసు, ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని లేపుతున్నాడు. తన వంతు వచ్చేసరికి రోజెల్ చేతిలో టిఫిన్‌కి తెచ్చుకున్న బిస్కట్ ఉంది. మా ఇళ్లలో గ్రేవీతో తినే, గుప్పెడంత మెత్తని రొట్టె అది. దాన్ని విసిరింది. అది నేరుగా వెళ్లి అతని గుండెల మీద, బ్యాడ్జీ పక్కనే తగిలింది. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అసలు నేరం బిస్కట్ కాదు, ఆ నవ్వు!

అందరినీ తీసుకెళ్లి ఒక రాత్రి జైల్లో ఉంచారు. మర్నాడు జడ్జి, దాడికి వాడిన వస్తువు చూపించమన్నాడు. డెంజిల్ తల గోక్కుని, పొద్దుటినుంచి ఏమీ తినలేదని, దాన్ని తినేశానని మనవి చేసుకున్నాడు. జడ్జి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కేసు కొట్టేశాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఊరికి తెలిస్తే ఏం లాభం? ఊరి దగ్గర ముద్ర లేదే!

రోజెల్ ముందు కోర్టు వెబ్‌సైట్ చూసింది. అంత పాత కేసులు అందులో ఎక్కించలేదని ఉంది. పాత అరెస్టుల చిట్టాను మాత్రం ఎవరో ఎప్పుడో కంప్యూటర్‌కెక్కించి ఆ కంపెనీకి అమ్మేశారు. అంటే పట్టుకున్న సంగతి దేశమంతా తిరుగుతోంది, వదిలేసిన సంగతి ఊరు దాటలేదు. చూశారా, ఎంత ముందుచూపు!

ఆ తర్వాత కోర్టుకు వెళ్లింది. తోడుగా, రిటైరై పొద్దంతా హోటల్లో కాఫీ తాగుతూ కూర్చునే డెంజిల్ కూడా బయల్దేరాడు. కిటికీ వెనకాల గుమాస్తా టాబిత. ఈమె కూడా రోజెల్ బస్సెక్కి చదువుకున్న పిల్లే.

"కేసు నంబరు చెప్పండి, మిస్ రోజెల్."

"నంబరు ఎక్కడుంటుంది తల్లీ?"

"ఫైలు మీద ఉంటుందండీ."

"మరి ఫైలు?"

"నంబరు చెబితే వెతుకుతాం."

డెంజిల్ ముందుకొచ్చాడు. "దెబ్బ తిన్నవాణ్ణి నేనే అమ్మాయ్. అది దెబ్బే కాదని నేనే చెబుతున్నా, రాసుకో."

"దెబ్బ మీకు తగిలింది గానీ, కేసు ప్రభుత్వానిదండీ."

"అయితే ఆ బిస్కట్టూ ప్రభుత్వమే తినాల్సింది," అంటూ డెంజిల్ టోపీ పెట్టుకున్నాడు.

నంబరు తెలియనివాళ్లు వరండాలో, పాత కాగితాల ఫొటోలు పెద్దవి చేసి చూపే మైక్రోఫిల్ము యంత్రం మీద సొంతంగా వెతుక్కోవచ్చని టాబిత చెప్పింది. ఎంత ఉదారత! కాకపోతే దాని బల్బు పోయింది. కొత్త బల్బుకి ఆమోదం రావాలట. ఆ రోజుల్లో ఊరికి వేరే కోర్టు ఉండేదని, సిటీ హాల్లో అడగమని సలహా ఇచ్చింది. సిటీ హాలువారు ఆ కోర్టు ఎత్తేశారని, కాగితాలన్నీ కౌంటీకి పంపేశామని చెప్పారు. కౌంటీవారు అందలేదన్నారు. ఈ రెండు భవనాలకీ మధ్య ఒక్క వీధే అడ్డం. ఆ వీధి దాటుతూ ఎన్ని కేసులు కారు కింద పడ్డాయో ఏమో!

చివరికి రాతపూర్వకంగా అడిగింది. ఆమె పేరు మీద ఏ రికార్డూ లభించలేదని జవాబొచ్చింది. రికార్డే లేదంటే నేరమూ లేనట్టే అని సంబరపడుతూ దాన్ని గార్నెట్ దగ్గరికి తీసుకెళ్లింది.

గార్నెట్ రెండుసార్లు చదివాడు. "రికార్డు లేదంటే కేసు కొట్టేశారని కాదు కదా, రోజెల్. ఇంకా నడుస్తూ ఉందేమో," అన్నాడు.

ఇలాంటి బుర్రకు మా బోర్డువారు జీతం ఇవ్వడమే కాదు, పార్కింగుకు ప్రత్యేకంగా చోటు కూడా ఇచ్చారు.

ఈలోగా బస్సుకి వేరే డ్రైవర్ వచ్చాడు. వాగు పక్కన ఇరుకు దారిలోకి బస్సు తిప్పనన్నాడు. పిల్లలు వానలో పెద్ద రోడ్డు దాకా నడిచి రావలసి వచ్చింది. బాగుంది కదా, ఆరోగ్యానికి నడక మంచిది!

ఒక సాయంత్రం రోజెల్ వాళ్ల వరండాలో కూర్చుని చిక్కుళ్లు తుంచుతూ మాట్లాడుకున్నాం. మా ఊరికి కొత్తగా వచ్చిన ఒక తల్లి, కిరాణా కొట్లో తనని చూడగానే కూతుర్ని దగ్గరికి లాక్కుందని రోజెల్ చెప్పింది.

"అరెస్టయిన రోజు నాకు సిగ్గనిపించలేదు," అంది. "ఆ రోజు అందరం కలిసి ఉన్నాం. ఇప్పుడు నేనొక్కదాన్నే."

దీనికి నా దగ్గర వెటకారం దొరకలేదు. చిక్కుళ్లు తుంచాను.

మర్నాడు ఆమె జుట్టు కత్తిరించుకోవడానికి ఓపల్ ఫ్యూగేట్ బ్యూటీ పార్లర్‌కి వెళ్లింది. సమ్మెలో ఓపల్ కూడా అరెస్టయింది. రోజెల్ గోడు విని, కత్తెర పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. చాలా ఏళ్ల కిందట ఓ బిడ్డను దత్తత తీసుకునేటప్పుడు ఓపల్‌కి కూడా ఇదే అగచాటు వచ్చిందట. అప్పట్లో మైక్రోఫిల్ము యంత్రానికి బల్బు ఉండేది. ఓపల్ ఆ బల్బు కింద వెతికి సంపాదించిన కాపీ తెచ్చి చూపించింది. దాని మీద నంబరుంది, కానీ పేరు మాత్రం ఓపల్‌ది కాదు. "ఐసీ ఆడ్కిన్స్, ఇతరులు" అని ఉంది. గేటు దగ్గర అందరికంటే ముందు ఐసీని లేపారు. తక్కినవాళ్లందరినీ ఆమె పేరు కిందే ఒకే కట్టగా కట్టేశారు. పాపం ఐసీ ఎప్పుడో పోయింది.

"మనం ఇతరులమే," అంది ఓపల్. "ఇతరుల్ని ఎవరు వెతుకుతారు?"

కాబట్టి పాఠకులారా, మీలో ఎవరికైనా అరెస్టయ్యే ఉద్దేశం ఉంటే, ముందుగా ఎవర్ని పట్టుకున్నారో చూసి ఆ పేరు జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. మీ పేరు మర్చిపోయినా ఫరవాలేదు!

నంబరు చేతికిచ్చాక టాబిత తనే వెళ్లి వెతికింది. పాత ఫైళ్లన్నీ పాత జైలు గదుల్లో ఉన్నాయి. అంటే రోజెల్‌ని మర్నాడే వదిలేశారు గానీ, ఆమె ఫైలును మాత్రం ఇన్నేళ్లయినా వదల్లేదు! టాబిత జుట్టునిండా బూజుతో తిరిగొచ్చి, కిటికీ దగ్గర నిలబడి జడ్జి చేతిరాతను కూడబలుక్కుని పైకి చదివింది. సాక్ష్యం అధికారి కడుపులో ఉన్నందున కేసు కొట్టివేయడమైనది. చదువుతూనే నవ్వేసింది. ఎదురుగా రోజెల్ ముఖం చూసి నవ్వాపి, ఇంకేమీ అడక్కుండా ముద్ర వేసింది.

గార్నెట్ కాగితం చూసి తాళాలిచ్చాడు. మనసులో ఏమీ పెట్టుకోవద్దని, నిబంధనలు అందరికీ ఒకటేనని అన్నాడు. స్వెటర్ సంగతి రోజెల్ ఎత్తలేదు. నేనైతే ఎత్తేవాణ్ణి.

మర్నాడు బస్సు మళ్లీ వాగు పక్క దారిలోకి తిరిగింది. పిల్లలు గోల గోలగా ఎక్కారు. కిరాణా కొట్లో చూసిన ఆ తల్లి కూతుర్ని ఎక్కించి, తల ఊపి వెళ్లిపోయిందట.

ఇంతటితో కథ సుఖాంతం అనుకుంటున్నారా? ఆ కంపెనీవారికి కూడా రోజెల్ ఒక కాపీ పంపి, తన పేరు పక్కనున్న ఆ మాట తీసేయమని అడిగింది. ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. అరెస్టు జరిగిన మాట నిజమే కనుక ఆ వాక్యం తీసేయడం కుదరదట. తీర్పు సంగతి, కోర్టు తమకు నేరుగా అమ్మినప్పుడు చేరుస్తారట. ఆ కోర్టు దగ్గర అమ్మడానికి ఏముంది, బూజు తప్ప!

రోజెల్ మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. ఇంకో కాపీ కావాలంది. తాళాలు వచ్చేశాయి కదా, మళ్లీ ఎందుకని టాబిత అడిగింది.

"బస్సులో పెట్టుకుంటా తల్లీ. నేనేమీ చెయ్యలేదని ఎవరికి, ఎప్పుడు చూపించాల్సి వస్తుందో తెలియదు కదా."

నిర్దోషి అని చెప్పే ఒక్క కాగితం కోసం ఆవిడ ఎండలో, వానలో తిరిగింది. దాడి చేసిందని చెప్పే వాక్యం కోసం మాత్రం ఏ కిటికీ దగ్గరా ఎవరూ నిలబడలేదు. దాన్ని ఎవరూ నంబరు అడగలేదు. అది పిలవకుండానే వచ్చింది, వచ్చి హాయిగా కూర్చుంది. ఇప్పటికీ లేవడం లేదు.