లావు అక్షరాల క్షమాపణ

పప్పు పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోపు క్షమాపణ పని ముగించాలనుకుంది ప్రేమలత.

నాలుగు రోజుల కిందట ఆమె హన్మకొండలోని తమ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, "తీసుకున్న గంజు తిరిగిచ్చే అలవాటు పెద్దవాళ్ళకైనా ఉండాలి" అని రాసింది. పేరు రాయలేదు. రాయనక్కర్లేదు, ఎదురింటి సమ్మమ్మ ఆ వంటగిన్నె పట్టుకెళ్తుంటే అందరూ చూశారు. అప్పటినుంచి సమ్మమ్మ ప్రేమలతను చూస్తే తలుపేసుకుంటోంది. తీరా నిన్న చూస్తే, అడుగున కొట్టించిన "ప్రేమలత" పేరుతో సహా గంజు తన వంటింటి సజ్జ మీదే బోర్లించి ఉంది. పదిహేనేళ్ళు మధ్యాహ్నం టీ తాగిన ఇంటి గడప తొక్కే ముఖం లేకపోయింది.

"పోయి కాళ్ళు మొక్కరాదు, అయిపాయె," అన్నాడు ఆఫీసుకు బయల్దేరుతూ భర్త హరికృష్ణ.

"అందరి ముంగట అన్న. అందరి ముంగటనే ఒప్పుకోవాలె."

ఎదుట పడలేని సిగ్గుకు ఆమె పెట్టుకున్న గౌరవమైన పేరు అది.

ఫోన్‌లో సమ్మమ్మ ఫొటో పెట్టి, కింద "తప్పు నాదే పెద్దమ్మా, క్షమించండి. ప్రేమలత" అని కొట్టింది. దొరికిన ఫాంట్లన్నీ ఒత్తులను విరిచి పక్కన పడేశాయి. ఒక్కటే రకం, నూనెలో పొంగిన బూరెల్లా ఉబ్బి ఎగిరెగిరి పడేది, ఒత్తును బుద్ధిగా పొట్ట కింద పెట్టుకుంది. గులాబీ రంగు దానంతటదే వచ్చింది. పంపేసింది.

రెండు నిమిషాల్లో అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ రాజేశ్వర్ రావు రాశాడు: "సమ్మమ్మ గారికి జన్మదిన శుభాకాంక్షలు." ఆ వెనకే కేకులు, పూలు, దండాలు. పై అంతస్తు కావ్య "పార్టీ ఎప్పుడు పెద్దమ్మా?" అంది. తీసేద్దామంటే అప్పటికే నలభై మంది దీవించారు. పప్పు మాడింది.

పదింటికి రాజేశ్వర్ రావు శాలువా, కేకు, సగం అపార్ట్‌మెంటుతో సమ్మమ్మ తలుపు తట్టాడు. వెనక దాక్కున్న ప్రేమలతను ముందుకు లాగారు.

"పోస్టు పెట్టింది నువ్వేనాయె. మొదటి ముక్క నువ్వే పెట్టాలమ్మా," అన్నాడు ప్రెసిడెంట్.

పుట్టిన తారీఖు తనకే తెలియని సమ్మమ్మ శాలువాలో బుద్ధిగా నోరు తెరిచింది. ప్రేమలత ఆమె ముఖం చూడకుండానే ముక్క పెట్టేసరికి, క్రీము ముక్కుకు అంటింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ సందట్లో సమ్మమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"నేను చదివిన బిడ్డా."

ప్రేమలత తలెత్తలేదు. "తప్పయింది పెద్దమ్మా. గంజు మా సజ్జ మీదనే ఉండె."

"గంజు ఇచ్చిన. మూత నా తాననే ఉన్నది. తెద్దామనుకునే లోపట నువ్వు గట్ల రాస్తివి. ఏం ముఖం పెట్టుకొని తేవాలె? తలుపేసుకున్న."

ప్రేమలత అప్పుడు తలెత్తింది. సమ్మమ్మ ముక్కు తుడుచుకుని చుట్టూ చూసింది.

"గవే లావు అక్షరాలల్ల నాకు సుత ఒకటి చేసిపెట్టు. ఎవ్వలు చదువరు."

ప్రేమలత ఇంటికొచ్చి, పేర్లు అటూఇటూ మార్చి, తన ఫొటో పెట్టి గ్రూపులో పంపింది. మధ్యాహ్నం ఎదురింట్లో టీ తాగేసరికి ఆమె పుట్టినరోజుకు నలభై ఒక్క శుభాకాంక్షలు వచ్చాయి. వాటిలో ఒకటి, ఆఫీసు నుంచి, హరికృష్ణది.