పదకొండు మంది అడ్మినిస్ట్రేటర్లు, ఒక స్టాండర్డ్ యూజర్

మా మరమగ్గాల సంఘం కంప్యూటర్‌కు పదకొండు మంది అడ్మినిస్ట్రేటర్లు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కరీంనగర్ జిల్లా మొత్తంలో ఒక్క కంప్యూటర్‌కు ఇంతమంది పెద్దలున్న సంఘం మాదేనని మా నమ్మకం. ఆ పదకొండు మందిలో నేను తొమ్మిదోవాణ్ణి. మినిట్స్ పుస్తకం రాసేది కూడా నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పేచీ మొదలుపెట్టింది మా గుమాస్తా మమతారాణి. సంఘంలో కంప్యూటర్ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. డబ్బా విప్పిన రోజే కార్యవర్గాన్ని కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. ఇందులో ఖాతాలు రెండు రకాలట. అడ్మినిస్ట్రేటర్ ఏ ప్రోగ్రామైనా పెట్టొచ్చు, తీసేయొచ్చు, కంప్యూటర్‌ను ఎట్లంటే అట్లా మార్చొచ్చు. స్టాండర్డ్ యూజర్ తన పని తాను చేసుకోవచ్చు గానీ, కొత్తది ఏదైనా పెట్టాలంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టాలి. అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒక్కటి చాలు, అదీ అవసరానికే తెరవాలి, రోజువారీ పనికి అందరికీ స్టాండర్డే క్షేమం అంది.

అందరికీ అన్న మాట దగ్గర మా అధ్యక్షులు పర్శరాములు గారు కండువా సర్దుకున్నారు.

“ఇరవై రెండేండ్ల సంది ప్రెసిడెంటును. గిప్పుడు నేను స్టాండర్డా?” అని నెమ్మదిగా అడిగారు.

ఆ ప్రశ్నకు కంప్యూటర్ కంపెనీవాళ్ల దగ్గర కూడా జవాబు ఉండదు. అధ్యక్షులు అడ్మినిస్ట్రేటర్ అయ్యారు. ఆయన అయినప్పుడు తాను కాకపోతే ఊళ్లో తలెత్తుకోలేనని ఉపాధ్యక్షులు శ్యాంసుందర్ గారన్నారు. మిగిలిన తొమ్మిది మంది డైరెక్టర్లం అంత మాట అనలేదు, లేచి బయటికి వెళ్లబోయామంతే. సాయంత్రానికల్లా అందరికీ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలు తయారయ్యాయి. శాలువాలు కప్పుకున్నాం. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించుకున్నాం. ఇక పని చేసే మనిషి మమతారాణి ఒక్కతే మిగిలింది కాబట్టి, ఆమెను స్టాండర్డ్ యూజర్‌గా ఉంచాం.

మరునాటి నుంచి కంప్యూటర్ ముందు దర్బారు మొదలైంది. అధ్యక్షులు ఏదో ఒకటి నొక్కగానే తెర మసకబారి, మధ్యలో ఒక పెట్టె లేచేది. ఏమడుగుతున్నదని ఆయన మమతారాణిని అడిగారు. కొత్త ప్రోగ్రాం ఒకటి లోపలికి వస్తానంటోంది, మీ అనుమతి కావాలట, అవునో కాదో మీరే నొక్కాలి, ఎవరిదో తెలియనప్పుడు కాదనడమే మంచిది అని ఆమె చెప్పింది. అందులో మొదటి సగమే అధ్యక్షుల చెవిన పడింది. ఎదురుగా నిలబడి అడిగినవాడిని కాదని పంపడం ఆయన రాజకీయ జీవితంలో లేదు. కాలనీవాళ్లు రోడ్డడిగితే అయితది అంటారు, రోడ్డు వద్దన్నవాళ్లు వచ్చినా అయితది అంటారు. అందుకే ఇరవై రెండేళ్లుగా గెలుస్తున్నారు. అవును నొక్కారు.

కంప్యూటర్ వేగం పెంచుతానన్న ప్రోగ్రాం వచ్చింది. మొదటిది సరిగా పెంచడం లేదని ఫిర్యాదు చేస్తూ రెండోది వచ్చింది. దినఫలాలు చెప్పేది, తెర మీద చేపలను ఈదించేది, మీకు బహుమతి వచ్చిందనేది వచ్చాయి. అందరికీ అవునన్నారు. ఒక్కరే ఇన్ని అనుమతులిస్తే తమ పదవులెందుకని శ్యాంసుందర్ గారు నిలదీయడంతో వంతులు వేసుకున్నాం. నా వంతు బుధవారం. నేను కూడా ఏడింటికి అనుమతి ఇచ్చాను, ఏమిటో మాత్రం గుర్తులేదు.

ఈ దర్బారు సాగినన్నాళ్లూ గుమ్మం దగ్గర చంద్రవ్వ నిలబడి ఉండేది. మరమగ్గాలను మా వైపు సాంచెలంటారు. ఆమెకున్నవి రెండు సాంచెలు, నాలుగు నెలలుగా పని లేక రెండూ ఆగిపోయాయి. బడిపిల్లల యూనిఫాం గుడ్డ ఆర్డరు వచ్చింది గానీ, సాంచెల జాబితా కంప్యూటర్‌లో పంపాలి, శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు ఆఖరు. జాబితాలో పేరుంటే ఏడాదంతా పని, లేకపోతే ఏడాదంతా ఖాళీ. ఆమెలాంటివాళ్లు ఊళ్లో నలభై మంది. వాళ్ల తరఫున ఈమె వచ్చి అడిగేది. చూద్దాం అనేవాళ్లం.

జాబితాను మమతారాణి సోమవారమే తయారుచేసింది. పంపాలంటే సంఘం డిజిటల్ సంతకం ఉండాలి, ఆ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి పుల్లతో వచ్చిన ప్రోగ్రాం పెట్టాలంటే అడ్మినిస్ట్రేటర్ ఒప్పుకోవాలి. నాలుగు రోజులు పదకొండు మంది ఇళ్లూ తిరిగింది. పెద్దాయన ఉండగా మేం ఒప్పుకుంటే మర్యాదగా ఉండదని పది మందిమీ చెప్పాం. పెద్దాయన సన్మానాల్లో ఉన్నారు. శుక్రవారం నాలుగున్నరకు దొరికారు.

మమతారాణి తన ఖాతాలో ఆ ప్రోగ్రాం నొక్కింది. పెట్టె లేచింది. అధ్యక్షులు అలవాటుగా అవును నొక్కబోయి ఆగిపోయారు. తన ఖాతాలో అవునా కాదా అని మర్యాదగా అడిగే పెట్టె, స్టాండర్డ్ ఖాతాలో పాస్‌వర్డ్ కొట్టమంటోంది.

“నేనెవ్వలో దీనికి ఎర్క లేదా? నన్నే నిరూపించుకొమ్మంటదా? నేను కొట్టనంటే కొట్ట,” అన్నారు.

పోనీ మీ ఖాతాలోనే పెడదాం సార్ అని మమతారాణి బతిమాలింది. ఆ ఖాతా తెరిచారు. అధ్యక్షుల అనుమతితో లోపల చేరినవన్నీ ఒక్కసారిగా లేచాయి. చేపలు ఈదుతున్నాయి. వేగం పెంచే రెండు ప్రోగ్రాములూ ఒకదాన్నొకటి ఆపుకుంటున్నాయి. గోడ గడియారం ఐదు కొట్టింది, తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది, జాబితా పోలేదు.

చంద్రవ్వ లోపలికి వచ్చింది. గట్టిగా మాట్లాడలేదు.

“గా డబ్బల ఎవ్వలడిగినా నువ్వు కాదనలేదంట గదా అన్నా. మా నలభై మందినే ఎందుకు కాదన్నవ్?”

ఆ ప్రశ్నను మినిట్స్‌లో ఉన్నదున్నట్టు ఎక్కించాను. అప్పుడు సిగ్గనిపించింది, ఇది మినిట్స్‌లో రాయలేదు.

సంఘం మాత్రం ఊరుకోలేదు. చంద్రవ్వకు జరిగిన నష్టాన్ని సానుభూతితో పరిశీలించి, ఆమెను పన్నెండో అడ్మినిస్ట్రేటర్‌గా తీర్మానించాం. శాలువా కప్పాం. కుర్చీలో కూర్చోగానే పెట్టె లేచింది. ఇదేమంటుంది బిడ్డా అని ఆమె మమతారాణిని అడిగింది. ఎవరో తెలియదు, లోపలికి వస్తానంటోంది అని చెప్పింది మమతారాణి.

“పేరు తెల్వదు, ఊరు తెల్వదు, పనేందో చెప్పడు. ఇంట్లకెట్ల రానిస్తం?” అని చంద్రవ్వ కాదు నొక్కింది.

సంఘం చరిత్రలో అదే మొదటి “కాదు”. అడిగినవారి పట్ల అమర్యాదగా ప్రవర్తించినందుకు అదే రోజు ఆమెను తొలగించాం. తీర్మానం ఏకగ్రీవం, నా సంతకం తొమ్మిదోది. ఆమె రెండు సాంచెలూ ఇప్పటికీ ఆగే ఉన్నాయి.

చదివి మీరు నవ్వుకుంటే సంతోషం. ఈ వారంలో మీ కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఒక పెట్టె లేచి ఏదో అడిగే ఉంటుంది, మీరు అవునని నొక్కే ఉంటారు. ఏమడిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే ఫికర్ పెట్టుకోకండి. మా సంఘంలో పన్నెండో స్థానం ఖాళీగానే ఉంది.