తేదీ ముద్రలు లేని సాహిత్యం

"కాలక్షేపం నవలలూ, సాహిత్య నవలలూ ఇకమీదట ఒకే కప్పు కింద ఉండడానికి వీల్లేదు" అని మంత్రిగారు ప్రకటించారు. ఇంత ధైర్యం ఇదివరకు ఏ ప్రభుత్వానికీ రాలేదు. సాహిత్యాన్ని అద్దాల బీరువాల్లో పెట్టాలి. కాలక్షేపాన్ని లారీకెత్తి కాగితం మిల్లుకు పంపాలి.

ఏది ఏదో తేల్చే బాధ్యత మా లైబ్రరీ డైరెక్టరుగారి మీద పడింది. ఆయన మేధావి. ఒక్క పేజీ చదవకుండానే తేల్చేశారు.

"చివరి అట్ట లోపల డేట్ స్లిప్పు చూడు. పదికి మించి ముద్రలుంటే జనం ఎగబడి చదివినట్టు. అంటే కాలక్షేపం. ముద్రల్లేకపోతే సాహిత్యం."

"ఎవరూ చదవకపోతేనా సార్?"

"అందరూ చదివేస్తే సాహిత్యం ఎందుకవుతుందయ్యా?"

ముద్రలు కొట్టే గుమస్తాను నేనే. ఇరవై ఏళ్లుగా సాహిత్యానికి ఎంత ద్రోహం చేశానో అప్పుడు తెలిసొచ్చింది.

రిటైరైన నర్సమ్మ ఒకావిడ రోజూ డిటెక్టివ్ నవల కోసం వస్తుంది. లారీ సంగతి విని కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది.

"ఆయన పోయాక ఇంట్లో నాకు తోడు ఈ నవలలే తమ్ముడూ. వాటినీ పట్టుకుపోతారా?"

వర్గీకరణ కోసం లైబ్రరీ మూసిన వారంలో మూడు వేల స్లిప్పులు పీకి కొత్తవి అంటించాను. నర్సమ్మ జిగురు రాసింది. హంతకులూ, దెయ్యాలూ, ప్రేమికులూ అంతా సాహిత్యంలో చేరిపోయారు. తనిఖీ చేసిన డైరెక్టరుగారు ఆనందం పట్టలేకపోయారు.

ఒక్క స్లిప్పు మాత్రం నేను ముట్టుకోలేదు. అది మంత్రిగారు స్వయంగా రాసిన నవలది. అందులో కథానాయకుడు ఆరువందల పేజీలూ పైకప్పు చూస్తూ ఉంటాడని అట్ట మీద ఉంది. ఎంతమంది చదివారని నిరుడు మంత్రిగారు అడిగితే, డైరెక్టరుగారు ఒక్క మధ్యాహ్నంలో దానిమీద నాచేత రెండువందల ముద్రలు కొట్టించారు. పెద్దల వస్తువు, మనకెందుకని వదిలేశాను.

అద్దాల బీరువాల ప్రారంభోత్సవం రోజు లారీ వాకిట్లో ఖాళీగా నిలబడి ఉంది. మంత్రిగారు అడిగి మరీ తన నవల తెప్పించుకున్నారు. ముద్రలు చూసి పొంగిపోయారు.

"రెండువందల మంది! ఇలాంటి పుస్తకాన్ని ఏం చెయ్యాలని ఉంది నా ఉత్తర్వులో?"

ఉత్తర్వుల మీద సంతకం పెట్టడమే తప్ప చదివే అలవాటు మంత్రిగారికి లేదు. డైరెక్టరుగారు చెమట తుడుచుకుంటున్నారు. చిన్న ఉద్యోగిని, తప్పక నేనే చెప్పాను.

"లారీ ఎక్కించాలండీ."

"ఊరేగింపా! పద, నేనే ఎక్కిస్తా."

ఫోటోలు తీశారు. అందరికంటే గట్టిగా నర్సమ్మ చప్పట్లు కొట్టింది.

ఒక్క పుస్తకమే కదా అని డ్రైవరు దాన్ని తన పక్క సీట్లో పెట్టుకున్నాడు. రెండు పేజీలు తిరగేశాడు. తర్వాత దాన్ని గడగడలాడే కిటికీ అద్దం సందులో దోపి, బండి తీశాడు.