చెప్పిన మాట వినే పెట్టె

“లోకంలో నేరస్తులు రెండు రకాలు. నేను పట్టుకున్నవాళ్లు, నేను పట్టుకోబోయేవాళ్లు,” అని మా ఆయన నేను పనిచేసే ఆస్పత్రి రికార్డుల గదిలోకి అడుగుపెడుతూనే ప్రకటించారు. మొదటి రకంలో ఇంతవరకూ ఎవరూ చేరలేదు. ఆయన వృత్తి గడియారాల రిపేరు. నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి, కంటికున్న భూతద్దం కూడా తీయకుండా వచ్చారు. డబ్బా మూత మీద ‘తిన్నాక కడుగు’ అని నా రాత.

ఖర్మకాలి ఆ రోజు మా గదిలో నిజంగానే ఒక కేసుంది. పదేళ్ల రోగుల వివరాలను పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి తరలించడానికి ఒక కంపెనీ ఇనప్పెట్టె లాంటి యంత్రం పంపింది. నాలుగింటికల్లా పని ముగియాలి. అదేమో పొద్దున్నుంచి మూడుసార్లు మధ్యలో ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చింది. ఎవరో ప్లగ్ పీకుతున్నారని పెట్టెతో వచ్చిన ఇంజినీరు తేల్చాడు. ఆ మూల తుడిచేది ఆయా ఒక్కతే. ఇంకోసారి జరిగితే రేపట్నుంచి ఆమె రానక్కర్లేదని సూపరింటెండెంటు చెప్పి వెళ్లారు. ఆయా తుడుపుకర్రను గుండెకు ఆనించుకుని నిలబడిపోయింది.

మా ఆయన ప్లగ్ పట్టుకుని అటూ ఇటూ పరీక్షించి, దాని మీద తాజా వేలిముద్రలున్నాయన్నారు.

“అవి మీవేనండీ,” అన్నాను.

తర్వాత ఆయాను విచారించారు. తీగలంటే తనకు భయమనీ, తుడుపుకర్రను జానెడు దూరంలోనే ఆపేస్తాననీ ఆమె చెప్పింది.

“విన్నావుటోయ్, దూరం కూడా కొలిచింది. పథకం ప్రకారం జరిగిందే,” అని నాతో అన్నారాయన.

ఇక వల పన్నారు. బల్ల కిందికి పాకి, గోడకున్న ప్లగ్‌ను రెండు చేతులా అదిమిపట్టి కూర్చున్నారు. హంతకుడి హస్తం ఇక్కడికి రాక తప్పదట. ఇంజినీరు నాలుగోసారి పని మొదలుపెట్టాడు. పావుగంట పాటు బల్ల కింద తుమ్ములు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత పెట్టె మీది పచ్చదీపం ఆరిపోయింది.

“ఎవరొచ్చారండీ?” అన్నాడు ఇంజినీరు.

“ఒక్కరూ రాలేదు. ప్లగ్ కదల్లేదు,” అన్నారు మా ఆయన, దొంగ చేజారిన దిగులుతో. ఆ ఒక్క మాటతో ఆయా ఉద్యోగం నిలబడిందని ఆయనకు తట్టనేలేదు.

ఇంజినీరు మొదటిసారిగా ప్లగ్ సంగతి వదిలి తెర వైపు చూశాడు. నాలుగుసార్లూ ఒకే ఫోల్డర్ దగ్గర ఆగింది. దాని పేరు ‘కాన్పుల వార్డు, రీబూట్’.

ఆ పేరు పెట్టింది నేనే. ఆ ఫోల్డర్ తెరిస్తే పాత కంప్యూటర్ బిగుసుకుపోయేది. అప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి ఏం కొట్టాలో ఎవరో చీటీ రాసిచ్చారు. చీటీ పోతుందని, ఆ ముక్కను ఉన్నదున్నట్టు ఫోల్డర్ పేరుకే తగిలించాను. పెట్టె దాన్ని పేరుగా మోసుకుపోవాల్సింది పోయి, ఆజ్ఞగా శిరసావహించింది.

“రీబూట్ అని రాశారు కాబట్టి బతికిపోయాం మేడమ్. ఎవడైనా దుర్మార్గుడు అన్నీ చెరిపెయ్యమని రాసుంటే, అదీ చేసేది,” అన్నాడు ఇంజినీరు. తప్పు పెట్టెదేనని తన కంపెనీకీ, సూపరింటెండెంటుకీ తనే ఫోన్ చేశాడు. ఆ ఫోల్డర్ పేరు మార్చాక మూడుంబావుకల్లా పని ముగిసింది. ఆయాను రేపు మామూలుగానే రమ్మన్నారు.

ఆమె బల్ల కిందికి వంగింది. “బాబుగారూ, ఇక ఆ ప్లగ్ వదిలితే అక్కడ తుడుచుకుంటాను.”

ఆయన బూజు దులుపుకుంటూ లేచారు. “ఇదోయ్ నా మొదటి కేసు. నేరస్తురాలు ఇరవై ఏళ్లుగా నా ఇంట్లోనే ఉంది.”

ఈ ఇరవై ఏళ్లలో ఇంట్లో ప్రతి డబ్బా మీదా, ప్రతి సీసా మీదా ఏం చేయాలో రాసిపెట్టాను. రాసింది రాసినట్టు చేసింది ఆ పెట్టె ఒక్కటే. వచ్చే వారం కంపెనీవాళ్లు దాన్ని కూడా బాగుచేసేస్తారట.