మా ఆవిడ పాఠాల్లో నా అచ్చుతప్పులు

మా ఆవిడకి ఉద్యోగం రాకూడదని నేనెప్పుడూ అనలేదు. అనుకున్నానంతే. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలియాలంటే మీకు పెళ్ళయి కనీసం పదేళ్ళయినా అయి ఉండాలి.

మాది అచ్చాఫీసు. ఆఫీసు అనగానే బల్లలూ గుమస్తాలూ ఊహించుకోకండి. ముందు గదిలో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, సీసపు అక్షరాల కేసులు, కిటికీ కింద ఒక పొడుగాటి బల్ల. వెనక గదిలో సంసారం. మధ్యలో ఒక తలుపుండేది. కాగితం రీములకి చోటు చాలక దాన్ని ఊడదీసేశాం. అప్పట్నించీ సంసారంలోకి సిరా వాసనా, అచ్చులోకి వంటింటి పొగా ధారాళంగా రాకపోకలు సాగిస్తున్నాయి.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి ఒక ప్రెస్సులో కంపోజింగులో, అంటే సీసపు అక్షరాలు కూర్చే పనిలో చేరాను. అక్కడి ఫోర్‌మన్ని ఇనపస్కేలు అనేవాళ్ళం. తప్పు దొరికితే ఆయన నోటితో చెప్పడు. వేళ్ళ కణుపుల మీద చెప్తాడు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. అక్షరం ఎంత వస్తువో ఖాళీ కూడా అంతే వస్తువని నేర్పింది ఆయనే. అచ్చులో ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదు. అదొక సీసపు ముక్క. వేళ్ళతో తీసి, చూసి, పెట్టాలి. నేను ప్రతి కామాకీ ముందు ఒక సన్న ఖాళీ పెట్టేవాణ్ణి. పాపం దానికీ ఊపిరాడాలి కదా అని నా ఉద్దేశం. కణుపులు వాచినా ఆ అలవాటు పోలేదు.

ఆ ప్రెస్సుకే మా ఆవిడ ప్రూఫులు దిద్దడానికి వచ్చింది. పదో తరగతి ప్యాసు. నేను కూర్చిన మొదటి పేజీలో ముప్ఫై ఒక్క కామాలకి ఎర్ర పెన్సిలు చుట్టి పంపింది. రెండో పేజీలో నలభై. ఇలా ఏడాది గడిచాక ఒకరోజు ఒక్క గీత కూడా లేకుండా పేజీ తిరిగొచ్చింది. మనిషికి ఏమైనా అయిందేమోనని పరిగెత్తి వెళ్ళి చూస్తే, ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో కూర్చుని ఉంది. అలా మొదలైంది పరిచయం. దాన్ని మీరు ప్రేమ అంటే నాకు అభ్యంతరం లేదు. ఆవిడకుంది.

తర్వాత సొంత ప్రెస్సు, ఆ కిటికీ, ఆ బల్ల. ఇరవై రెండేళ్ళు బల్లకి అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడ రాతప్రతి పైకి చదివేది, నేను ప్రూఫులో చూసుకునేవాణ్ణి. కామా, చుక్క, కొత్త పేరా అన్నీ నోటితో చెప్పేది. చివరికి కోపం వచ్చినా అలాగే మాట్లాడేది. మీకు బుద్ధి లేదు, చుక్క, కొత్త పేరా. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వచ్చి కేసుల మీద పడితే సీసం వెండిలా మెరిసేది. ఆ వెలుగులో ఆవిడ తిట్టినా బాగానే ఉండేది.

ఇప్పుడు పనుల్లేవు. జనమంతా ఎవరి అక్షరాలు వాళ్ళే బొటనవేళ్ళతో కూర్చుకుంటున్నారు. మాకు మిగిలింది పళ్ళ డాక్టరు గారి అపాయింట్‌మెంటు కార్డులూ, లాండ్రీ చీటీలూ. లాండ్రీవాడు కూడా మా మీద జాలితో వేయిస్తున్నాడని నా అనుమానం.

మా వీధి చివర అద్దాల తలుపుల ఇన్‌స్టిట్యూటు ఒకటి ఉంది. వెబ్ పేజీలు తయారుచెయ్యడం నేర్పుతారు. నెలరోజుల్లో ముప్ఫై అభ్యాసాలు పూర్తిచేసిన వాళ్ళలోంచి, కొత్తవాళ్ళకి పాఠాల్లో సాయం చెయ్యడానికి మనిషిని తీసుకుంటామని బోర్డు పెట్టారు. పగలంతా పని. మా ఆవిడ ఆ బోర్డు చదివి, అందులో రెండు అచ్చుతప్పులు వాళ్ళకి చెప్పి, పేరు రాయించుకుని వచ్చింది. పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించి మా బల్ల మీద పెట్టింది.

అక్కడ కంప్యూటరుకి పని చెప్పడానికి నేర్పేది ఫంక్షనల్ భాషట. ఫంక్షన్లంటే నాకు తెలిసినవి భోజనాలుండేవే. ఇది వేరట. ఒక ఫంక్షన్ చేతిలో మనం ఏదైనా పెడితే అది మరొకటి తిరిగిస్తుందిట. అదే పెడితే ఎప్పుడూ అదే ఇస్తుందిట, సోమవారమైనా, తలనొప్పిగా ఉన్నా. ఒక పేరుకి ఒకసారి విలువ ఇచ్చాక మళ్ళీ మార్చడానికి వీల్లేదట.

"ఇది పెళ్ళికానివాడెవడో కనిపెట్టిందే" అన్నాను.

"పెళ్ళయి విసిగినవాడు" అంది ఆవిడ, తల ఎత్తకుండా.

నాకు దిగులు పట్టుకుంది. ఆవిడకి ఉద్యోగం వస్తే పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తుంది. ఈ మధ్యలో నేను ఎవరితో పోట్లాడాలి? ట్రెడిల్ మిషనుతోనా? బల్లకి అటువైపు ఖాళీ కుర్చీని చూస్తూ లాండ్రీ చీటీలు తొక్కుకోవాలి. ఇది మీతో చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఆవిడతో చెప్పడానికే.

పన్నాగం నేను పన్నింది కాదు, దానంతటదే వచ్చి ఒళ్ళో పడింది. ఒకరోజు తెల్లారి ఐదింటికి లేచాను. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ఆవిడ చేసిన అభ్యాసం కనిపించింది. ఇంగ్లీషు నాకు అర్థం కాకపోయినా కూర్చడం వచ్చు. ముప్ఫై ఏళ్ళు అలాగే బతికాను. కానీ ఆ కూర్పు! ఒక వరస లోపలికి, ఒక వరస ఇంకా లోపలికి, మెట్లు మెట్లుగా, తాగినవాడు నడిచినట్టు. చదువుకున్నవాళ్ళకి అంచు సరిచెయ్యడం కూడా రాదని జాలిపడి, వరసలన్నీ ఎడమ అంచుకి లాగి, మధ్యలో ఖాళీలు సర్ది, కుడి అంచు కూడా గోడ కట్టినట్టు నిలబెట్టాను. చూడముచ్చటగా వచ్చింది.

ఆవిడ లేచి మీట నొక్కింది. తెర ఎర్రబడింది. ఆ భాషలో వరస ఎంత లోపలికి ఉందన్నదే ప్రాణమట. నా ముచ్చట దాని పీక నొక్కేసింది.

అప్పుడు ఆ యంత్రం ఏమందో ఆవిడ తెలుగులో చదివి వినిపించింది. "ఈ వరస ఇక్కడ మొదలవడం నాకు అర్థం కాలేదు. కాస్త లోపలికి జరపాలనుకున్నారేమో, ఒకసారి చూస్తారా?"

ఇంకోసారి చదవమన్నాను. తప్పు చేసినందుకు నాతో అలా మాట్లాడినవాళ్ళు నా జన్మలో లేరు. మా లెక్కల మాస్టారు ఒక్కసారి ఇలా అడిగి ఉంటే ఎనిమిదో తరగతి రెండో సగం కూడా చూసేవాణ్ణేమో. ఆ యంత్రానికి అప్పుడే మర్యాదస్తుడు అని పేరు పెట్టుకున్నాను.

పేరు పెట్టుకున్నాక దాని కళ్ళు కప్పడం మొదలుపెట్టాను. రోజూ తెల్లారి ఐదింటికి ఒక తప్పు పెడితే చాలు, ముప్ఫై అభ్యాసాలు నెలలో పూర్తికావు. మొదట ఒక వరస ముందు ఒక్క ఖాళీ ఎక్కించాను. మనిషి కంటికి ఆనదు. మర్యాదస్తుడు ఏ వరసో, ఎన్నో గడో చెప్పి మరీ పట్టించాడు. ఆవిడ టీ చల్లారేలోగా దిద్దేసింది. పైగా ఈ తప్పు వల్ల ఒక సంగతి తెలిసిందని సంతోషించింది.

ఇక లోతుకి దిగక తప్పలేదు. ఆవిడ ప్రతి పాఠం, మర్యాదస్తుడి మాటలతో సహా, తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటుంది. అది చదివాను. సంవత్సరం ఇస్తే లీపు సంవత్సరమో కాదో చెప్పే అభ్యాసంలో, వందతో పోయే సంవత్సరం నాలుగువందలతో కూడా పోవాలన్న చోట, నాలుగువందలని నలభై చేశాను. అంకె అంకే కదా అని మర్యాదస్తుడు ఊరుకున్నాడు. కానీ ప్రతి అభ్యాసానికీ వెనక కొన్ని పరీక్షలుంటాయి. పద్దెనిమిదివందలో సంవత్సరం లీపు సంవత్సరమని తేలేసరికి అవి గోల పెట్టాయి. ఒక్క సున్నా ఎక్కడ తీస్తే ఎక్కడ కూలుతుందో తెలుసుకోవడానికి నాకు గంటన్నర పట్టింది. ఆవిడకి దిద్దడానికి రెండు నిమిషాలు.

ఇంకో చిక్కు వచ్చింది. కొన్ని అభ్యాసాలు ఆవిడ సగంలో వదిలేసి పడుకునేది. అప్పటికే తప్పుగా ఉన్నదాన్ని చెడగొట్టడం ఎలా? వాడిపోయిన కూరని మాడ్చినట్టుంటుంది. పనివాడన్నాక ఒక పరువుంది. కాబట్టి ముందు దాన్ని పూర్తిగా సరిచేసి, పరీక్షలన్నీ దాటించి, అప్పుడు నా తప్పు పెట్టేవాణ్ణి. మాటని తిరగేసి చూపించే అభ్యాసమైతే చిటికెలో అయింది. ముప్ఫై ఏళ్ళుగా సీసంలో తిరగబడి ఉండే అక్షరాల్ని చదివినవాణ్ణి.

పేరుంటే పేరుతో, లేకపోతే మిత్రమా అని పలకరించే అభ్యాసం ఒకటి వచ్చింది. అందులో 'లేకపోతే' వరస పీకేశాను. మర్యాదస్తుడు కదలనన్నాడు. పేరు లేనివాళ్ళ సంగతి మర్చిపోయారు, వాళ్ళకేం చెప్పాలో కూడా చెప్పండి అన్నాడు. లోకంలో వాళ్ళని గుర్తుపెట్టుకునేవాడు ఒకడున్నాడని ఆరోజే తెలిసింది. వరస తిరిగి పెట్టేశాను. చెడగొట్టబుద్ధి కాలేదు.

ఈ పిచ్చి నెమ్మదిగా ప్రెస్సులోకి పాకింది. పళ్ళ డాక్టరు గారికి ఐదువందల కార్డులు మెట్లు మెట్లుగా కూర్చి అచ్చువేశాను. ఆదివారమైతే: సెలవు. కాకపోతే: ఉదయం తొమ్మిది గంటలకు. పళ్ళు లేకపోతే: ఏమీ లేదు.

రోజూ జనం నోళ్ళు తెరిపించే పెద్దమనిషి ఆరోజు తనే తెరిచాడు. పళ్ళు లేనివాళ్ళే తన వృత్తికి ఆధారమనీ, కట్టుడు పళ్ళ సంగతి నాకు తెలియకపోతే నా పళ్ళతోనే నేర్పిస్తాననీ అన్నాడు. మా ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి, కత్తెర మిషను మీద ఐదువందల కార్డుల అడుగు వరస కోసేసి చేతిలో పెట్టింది. నన్నొక్క మాట అనలేదు. అదే అనుమానించాల్సింది.

గడువు పదిరోజులుందనగా నాకు అసలైన తప్పు దొరికింది. ఆ పలకరింపు అభ్యాసంలోనే. పేరు ఉందా లేదా అని మాత్రమే అందరూ చూస్తున్నారు. పేరు చోట ఒట్టి ఖాళీ ఇస్తే? కంపోజిటరుకి ఖాళీ వస్తువే. అది ఉన్నట్టే లెక్క. ఇచ్చి చూశాను. నమస్కారం, తర్వాత శూన్యం, ఆ తర్వాత గారూ అని వచ్చింది. పరీక్షలన్నీ దాటి పచ్చగా వెలిగాయి. మర్యాదస్తుడు కిమ్మనలేదు. నేను ఏమీ పెట్టక్కర్లేదు, తప్పు మొదట్నించీ అక్కడే కూర్చుని ఉంది.

దాన్ని గుట్టుగా వదిలేస్తే సరిపోయేది. కానీ ఇంత గొప్ప తప్పు పట్టి ఎవరికీ చెప్పకుండా ఎలా బతకడం? టీ తాగుతూ ఏమీ ఎరగనట్టు, పేరు చోట ఖాళీ ఇస్తే నీ భాష ఏం చేస్తుందీ అని అడిగాను. ఆవిడ గ్లాసు కింద పెట్టి ఆ ప్రశ్న నా చేత మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత నోటుబుక్కులో రాసుకుంది. బెదిరిపోయిందనుకున్నాను.

గడువు రోజున ఆవిడ పదింటికి వెళ్ళింది. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. లాండ్రీ చీటీలు రెండుసార్లు లెక్కపెట్టాను. కిటికీలోంచి ఎండ వచ్చి కేసుల మీద పడింది, మెరిసింది, వెళ్ళిపోయింది. ఎవరికీ ఏమీ చెప్పడానికి లేదు. ఒంటిగంటకి ఆవిడ వచ్చి మంచినీళ్ళు తాగింది.

"ఉద్యోగం వచ్చింది" అంది.

"మంచిదే" అన్నాను, లాండ్రీ చీటీల కట్ట మళ్ళీ విప్పుతూ.

"ముప్ఫయ్యింట్లో పదకొండు మీరు చేసినవే."

నాకేం అర్థం కానట్టు మొహం పెట్టాను. ఆ మొహం ఆవిడ ఇరవై రెండేళ్ళుగా చూస్తోంది.

"మొదటిరోజే తెలిసింది లెండి. కామా ముందు ఖాళీ పెట్టే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. నాకు రాని లెక్క సగంలో వదిలేసి పడుకునేదాన్ని. పొద్దున్నకి అయి ఉండేది. మీ తప్పొకటి ఏరేస్తే సరిపోయేది."

నేను తవ్వుతున్నది గొయ్యి అనుకున్నాను. ఆవిడ అందులోంచి రోజూ నీళ్ళు తోడుకుంది.

"ముందే చెప్పొచ్చుగా" అన్నాను.

"చెప్తే మానేసేవారు. ఎన్నాళ్ళయింది మీరు ఒక పని కోసం తెల్లవారుజామున లేచి."

ఆవిడ చెప్పుకుపోయింది. పదకొండు నా మొగుడు చేసినవని అక్కడి మేడంతో ఉన్నదున్నట్టు చెప్పేసిందట. ఆ ఖాళీ ప్రశ్న విని మేడం, నాలుగేళ్ళలో ఇది ఎవరూ అడగలేదని అప్పటికప్పుడు పరీక్షలు తిరగరాయించిందట. కొత్తవాళ్ళు వెతికి పట్టుకోవడానికి పాఠాల్లో తప్పులు పెట్టే మనిషి ఒకరు వాళ్ళకి కావాలట. పూటకో రెండు గంటలు, ఆవిడ పక్క బల్లే.

"మీరు రారని చెప్పేశాను" అంది.

"ఎందుకు చెప్పావు?"

"అద్దాల తలుపులు, అంతా చిన్నవాళ్ళు. మీకు నామోషీగా ఉంటుంది. పైగా మీకు మీ ప్రెస్సు, మీ చీటీలు. వాళ్ళూ సరేనన్నారు."

"నా నామోషీ సంగతి నువ్వెలా చెప్తావు? నన్నడిగావా?"

"అడిగితే రానంటారు."

"అంటానో లేదో అడిగి చూశావా?"

"సరే, అడుగుతున్నాను. వస్తారా?"

"వస్తాను. ఏం, రాకూడదా?"

ఆవిడ సంచీలోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పరిచింది. నా పేరు, వయసు, వృత్తి అన్నీ ఆవిడ గుండ్రటి చేతిరాతలో నింపే ఉన్నాయి. సంతకం చోటు వేలితో చూపించింది. పెన్ను మూత కూడా తనే తీసిచ్చింది. పెట్టాను.

పెట్టాక పక్కన ఆవిడ ముందే వేసి ఉంచిన తేదీ చూశాను. పోయిన గురువారంది.