అట్టకెక్కిన ఏడుపు

మా వాగు పొంగి బడి అరుగు మీదికి చేపలు ఎక్కిన ఏడు ఉంది చూశారా, అది గడిచిన మూడో ఏడు నేను ఇంగ్లీషు పుస్తకం అట్టకెక్కాను.

అప్పటినుంచీ నా అభిప్రాయం ఒకటే. రైతుగా పుట్టినవాడు జన్మలో ఒక్కసారైనా పండితుల పుస్తకం అట్ట మీద ఏడవాలి! ఆధార్ కార్డు, రేషన్ కార్డు ఇచ్చినట్టే ప్రభుత్వం ఇంటికొక అట్ట ఇప్పించాలి. నేను వేళాకోళం ఆడటం లేదు. అనుభవించి చెబుతున్నాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. నా పేరు యలమందయ్య. గుంటూరులో కాపురముండే నాగేంద్రబాబు గారి మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాను. నాకు మాట తక్కువ. ఇంట్లో మాట్లాడవలసినవన్నీ మా ఆవిడ సుబ్బరావమ్మే మాట్లాడుతుంది. అందువల్ల మాకెప్పుడూ మాటలకి లోటు రాలేదు.

ఈ అట్ట సంగతి మోసుకొచ్చింది మా ఊరి బళ్ళో టీచరు శాంతి గారు. సాయంత్రం బడి వదలగానే సెల్‌ఫోను పట్టుకుని గబగబా మా ఇంటికి వచ్చారు. పండితుల పుస్తకాలు మాత్రమే వేసే పెద్ద సంస్థ ఒకటి ఢిల్లీలో ఉందట. ఈ ఏడు వాళ్ళు తెచ్చిన కొత్త పుస్తకాల కేటలాగ్ ఆ ఫోన్లో ఉంది. కథలూ కాకరకాయలూ కాదు, అన్నీ నిజాలేనట!

ఆ అట్టలు మీరు చూడాలి. ఒకదాని మీద బీటలు వారిన నేల. ఒకదాని మీద ఎటో చూస్తున్న ముసలమ్మ. ఒకదాని మీద తాళం వేసిన గుడిసె. మరొకదాని మీద దుమ్ములో పడి ఉన్న చెప్పు. ఒకటే చెప్పు! రెండోది ఏమైందో లోపల మూడొందల పేజీల్లో రాసి ఉంటారు.

ప్రతి పుస్తకం పేరు మధ్యలోనూ కిందా మీదా రెండు చుక్కలున్నాయి. చుక్కలకి ముందు రెండు మాటలు, చుక్కల తర్వాత రెండు వరసలు. ఆ చుక్కలు లేకపోతే పండితులు పుస్తకాన్ని గడప తొక్కనివ్వరని శాంతి గారు చెప్పారు. మంచి పద్ధతే. ఎవరి బొట్టు వాళ్ళకుండాలి కదా!

వాటన్నిటి నడుమ నేను!

ఎర్రటి మిరపకాయల రాశి పక్కన గొంతుక్కూర్చుని, తువ్వాలు ఒక కంటికి అడ్డం పెట్టుకున్నాను. రెండో కంట్లోంచి బుగ్గ మీదికి ధార కారుతోంది.

"ఓరి నాయనో, ఈయనే!" అంది సుబ్బరావమ్మ. "ఎవరు పోయారని ఇంత ఏడుపు?"

"మిరప రైతుల కష్టాల మీద పుస్తకం మామ్మగారూ. ఈ ఫొటో గురించి ఇక్కడ రాశారు కూడా. 'ధర ఎలా ఉందని అడిగితే ఈ వృద్ధ రైతుకి నోట మాట రాలేదు' అని" అన్నారు శాంతి గారు.

"అదేం పెద్ద వింత? అన్నం పెట్టమనడానికే ఈయనకి నోట మాట రాదు!"

జరిగింది చెబుతాను. కిందటేడు కల్లంలో కాయలు ఎండబోశాం. మా కూలి మనిషి ప్రేమదాసు పైగాలిన నిలబడి కాయలు తిరగేస్తున్నాడు. దుమ్ము లేచి నా కంట్లో పడింది. పొద్దుటినుంచీ కాయలు ఏరిన చేత్తో నేను ఆ కన్ను నలుపుకున్నాను. తర్వాత ఏమవుతుందో ఈ చుట్టుపక్కల పాలు తాగే పిల్లాడిని అడిగినా చెబుతాడు.

సరిగ్గా ఆ క్షణానికి యూనివర్సిటీ నుంచి త్రినాథ్ అనే కుర్రాడు మెళ్ళో కెమెరాతో దిగాడు. "ఈ ఏడు ధర ఎలా ఉంది తాతగారూ?" అన్నాడు. నేను చెయ్యి ఊపాను, నీళ్ళ చెంబు ఇటివ్వమని. అతను ఫొటో తీసుకున్నాడు.

ఇంతకీ ఆ ఏడు ధర ఎలా ఉంది? నేను బుద్ధెరిగిన నాటినుంచి మిరపకి అంత ధర చూడలేదు! కావాలంటే అట్ట మీద నా తువ్వాలు చూడండి. కొత్తది. అంచు తళతళలాడుతోంది.

అయినా నేను ఎవరినీ తప్పుపట్టను. నవ్వుతున్న రైతుని అట్ట మీద వేస్తే ఏ పండితుడు నమ్ముతాడు? ఏడిస్తేనే అది గ్రంథం. నవ్వితే ఎరువుల కంపెనీ కేలెండరు అయిపోతుంది!

ఇక లాభాలు చెబుతాను.

పెదకాకానిలో ఉండే మా బావమరిది ఏటా వచ్చి పది రోజులు తిష్ఠ వేసేవాడు. ఈసారి అరటిపళ్ళు పట్టుకొచ్చి, గుమ్మంలోనే కళ్ళొత్తుకుని, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా వల్ల కాని పని ఒక్క అట్టతో అయింది!

తిరనాళ్ళ చందాలవాళ్ళు మా గుమ్మం ముందు తలలు వంచుకుని నడిచి వెళ్ళిపోతున్నారు. టీ కొట్టు మీరా హుస్సేన్ నా గ్లాసులో పంచదార ఎక్కువ వేస్తున్నాడు. నాకు షుగరుందయ్యా అని సైగ చేస్తే, "ఈ కష్టాల్లో అదొక లెక్కా బాబాయ్, తాగు" అని మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు.

రెండు పార్టీల వాళ్ళూ వచ్చారు. నా కన్నీళ్ళకి కారణం వాళ్ళేనని వీళ్ళూ, వీళ్ళేనని వాళ్ళూ తేల్చిచెప్పారు. అసలు కారణమైన ప్రేమదాసు పక్కనే నిలబడి అందరికీ మంచినీళ్ళు అందించాడు.

ప్రేమదాసుకి మాత్రం లోపల కడుపుమంట. "దుమ్ము లేపింది నేనైతే అట్టకెక్కింది నువ్వా పెద్దాయనా? సరిగ్గా చూడు, నా కాలన్నా పడిందేమో!" అని సణిగాడు. అప్పటినుంచీ రోడ్డు మీద కారు చప్పుడైతే చాలు, చేస్తున్న పని వదిలేసి నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంటున్నాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు. కల్లంలో పని సాగడం లేదు గానీ ఊరికి ఒక కళ వచ్చింది.

చివరికి ఒంగోలు నుంచి ఒక కౌన్సెలరమ్మ కూడా వచ్చింది. నా ఎదురుగా కుర్చీ వేసుకుని, "మనసు విప్పి మాట్లాడండి తాతగారూ" అంది. నేను ఆమెను చూశాను. ఆమె నన్ను చూసింది. గంట గడిచింది.

వంటింట్లోంచి సుబ్బరావమ్మ అరిచింది. "పెళ్ళైన కాడ్నుంచీ నేనూ అదే అడుగుతున్నా తల్లీ! నీకేమన్నా చెబితే ఆ ముక్క నా చెవిన కూడా వేసి పో!"

కేసు చాలా సీరియస్ అని రాసుకుని కౌన్సెలరమ్మ వెళ్ళిపోయింది.

ఇన్ని లాభాల మధ్య ఒక చిన్న ఇబ్బంది తగిలింది. చాలా చిన్నది. నా పొలం పోయేట్టుంది.

నాగేంద్రబాబు గారు ఫోన్ చేశారు.

"ఏం యలమందయ్యా, ఇంత జరిగితే మాట మాత్రం చెప్పలేదే! మా అమ్మాయి శ్రీరమ్య ఫోన్లో చూపించింది. అన్నం సయించలేదనుకో."

"కంట్లో కారం పడింది బాబూ" అన్నాను.

"నువ్వు అట్లాగే అంటావు. అభిమానం గల మనిషివి."

"పంట బాగుంది బాబూ."

"చూశావా! ఇప్పటికీ నా మనసు నొప్పించకుండానే మాట్లాడుతున్నావు. ఇంక చాలయ్యా. మా నాన్న కాలం నుంచీ చేస్తున్నావు, ఈ వయసులో నీకెందుకీ బాధ? ఈ కాపు కోసుకో. ఉగాది వెళ్ళాక పొలం మీ ఊరి కోటేష్‌కి ఇద్దామనుకుంటున్నా. కుర్రాడు హుషారైనవాడు. వాట్సాప్‌లో ఏ ఫొటో చూసినా నవ్వుతూనే ఉంటాడు. ఆదివారం వస్తాగా, మాట్లాడుకుందాం."

కోపమొచ్చి పొలం లాక్కుంటే పెద్దమనుషుల్లో పెట్టొచ్చు. జాలిపడి లాక్కుంటే ఎవరికి చెప్పుకుంటాం? ఎదురు దణ్ణం పెట్టాలి! ఆ మూడెకరాలూ పోతే పొద్దున్నే నిద్రలేచి నేను వెళ్ళడానికి వేరే చోటంటూ లేదు. ఆ సంగతి ఏ అట్ట మీదా పట్టదు.

సుబ్బరావమ్మ ఊరుకుంటుందా? శాంతి గారి చేత ఫోన్ చేయించి త్రినాథ్‌ని పిలిపించింది. శనివారం సాయంత్రం అతను స్వీట్ల డబ్బా, తను రాసిన ఆ పుస్తకం పట్టుకుని దిగాడు. మంచి పిల్లాడు. కంట్లో కారం సంగతి వినేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

"అట్ట నేను ఎంచలేదు మామ్మగారూ. చాలా ఫొటోలు పంపాను. సంస్థవాళ్ళే ఇది బాగుందన్నారు."

"పక్కనే ప్రేమదాసు ఉన్నాడు కదయ్యా! ఈ ముసలాయన ఎందుకు ఏడుస్తున్నాడని ఒక్క ముక్క అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"బాధలో ఉన్న మనిషి గురించి అలా అడగడం మర్యాద కాదనుకున్నానండీ."

"అడగడం మర్యాద కాదు. అచ్చేసి ఊరూరా పంచడం మర్యాదా?"

 రేపు బాబు గారికి తనే నిజం చెబుతానన్నాడు. ఆ పూట మా ఇంట్లోనే తిన్నాడు. పండుమిరపకాయ పచ్చడి రెండోసారి వేయించుకుని కళ్ళూ ముక్కూ తుడుచుకున్నాడు. నేను ఫొటో తీయలేదు.

ఆదివారం నాగేంద్రబాబు గారి కారు కల్లం దగ్గర ఆగింది. కుర్చీ వేశాం. త్రినాథ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ ఏడు పంట బాగుందని, ధర బాగుందని, ఫొటోలోది ఏడుపు కాదని, తప్పు తనదేనని.

బాబు గారు పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. అట్ట చూశారు. వెనక్కి తిప్పి చూశారు.

"ఇద్దరు ప్రొఫెసర్లు మెచ్చుకుంటూ రాశారే! ఒకాయనది లండన్ కూడాను. వాళ్ళు ఊరికే మెచ్చుకుంటారా?"

"రాసింది నేనేనండీ! నేనే చెబుతున్నాను కదా!"

"నువ్వు చిన్నవాడివి బాబూ. ఇక్కడికొచ్చి, వీళ్ళ భోజనం చేసి, మొహమాటపడుతున్నావు. పుస్తకానికి మొహమాటమేముంటుంది?"

విన్నారా, పండితుల గ్రంథానికి ఉన్న బలం! రాసినవాడు నెత్తీ నోరూ బాదుకున్నా అది వెనక్కి తగ్గదు. త్రినాథ్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అతనికీ నోట మాట రాలేదు.

"నువ్వు చెప్పు యలమందయ్యా. నీ నోటితో చెప్పు" అన్నారు బాబు గారు.

అందరూ నా వైపు తిరిగారు. అన్నిటికీ ముందుండే సుబ్బరావమ్మ కూడా ఈసారి నన్నే ముందుకి తోసింది. ఇక తప్పలేదు.

"వాగు పొంగిన ఏడు నేను గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గుంటూరు మీ ఇంటికొచ్చాను బాబూ. చేను ఎట్లా ఉందని అడిగారు. బాగుందన్నాను. అప్పటికి చేలో మోకాటి లోతు ఇసక మేట వేసి ఉంది. చెబితే పొలం తీసేస్తారని చెప్పలేదు. ఆ ఇసకంతా నేనూ ఈమే తట్టలతో మోశాం. ఆ రోజు మీరు నా మొహం చూసి, బాగుందనుకున్నారు. ఇప్పుడు పండిన కాయల మధ్య కూర్చున్న నన్ను చూసి, నాశనమయ్యాననుకుంటున్నారు. ఇప్పుడూ నా మొహమే చూశారు. ఇన్నేళ్ళలో మీరు చేను చూసింది లేదు. ఇదిగో, ఈ కల్లం దాటితే చేనే. చివరి కోత కాయ చెట్టు మీద ఉంది. రండి బాబూ, చూద్దాం."

అంత మాట నేను నా పెళ్ళిలో కూడా మాట్లాడలేదు. 

బాబు గారు చేను వైపు చూశారు. ఎండ చూశారు. తన బూట్లు చూసుకున్నారు.

"చేను ఎక్కడికి పోతుందిలే. ఎండ మండిపోతోంది. ఆలోచించి ఫోన్ చేస్తాను" అని లేచారు. "ఈ పుస్తకం నేను తీసుకెళ్తా బాబూ, తీరిగ్గా చదవాలి" అని త్రినాథ్‌తో చెప్పి, పుస్తకం చంకలో పెట్టుకుని కారెక్కారు.

పండితులు పుస్తకాలు అంత లావుగా ఎందుకు రాస్తారో నాకు అప్పుడు తెలిసింది. మన మేలు కోసమే! మూడొందల పేజీల ఇంగ్లీషు అది. బాబు గారు నిజంగానే చదవడం మొదలుపెడితే ఉగాది కాదు కదా, తొలకరి కూడా దాటిపోతుంది. సంస్థవారికి నా విన్నపం: ఈసారి ఇంకా లావుగా వెయ్యండి. అట్ట మీద బొమ్మ మాత్రం ఆ మనిషిని అడిగి వెయ్యండి. అతను మాట్లాడకపోతే పక్కవాణ్ణి అడగండి.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు మాట్లాడి, మా దొడ్లో పెంటదిబ్బ తవ్వించి, నాగేంద్రబాబు గారి మూడెకరాల గట్టు మీద కుప్ప పోయించాను. కౌలు ఖాయం కాని చేనికి మా వైపు ఎవడూ పెంట తోలడు. వచ్చే ఏటి పంటకి ఈ ఏడే పెట్టే బలం అది.

కోటేష్ ఆ దారినే పోతూ బండి ఆపుకుని కుప్ప చూశాడు, నన్ను చూశాడు.

"ఏంది పెదనాన్నా, బాబు గారు సరేనన్నారా?" అన్నాడు నా మొహంలోకి పరీక్షగా చూస్తూ.

నేను మొహం అటు తిప్పుకుని రెండో ట్రక్కు దింపించాను.