మా తాత కనబడటం లేదు, షేర్ చెయ్యండి

ఫోరమ్‌లు మూతపడటం మానవజాతికి జరిగిన గొప్ప మేలు. కాదన్నవాళ్లెవరైనా ఉంటే రమ్మనండి, ఎదురెదురుగా కుర్చీలేసుక్కూర్చుని తేల్చుకుందాం!

ఫోరమ్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టినవాళ్లంతా ఇంటర్నెట్లో చేరే చోటు అది. అక్కడ ప్రశ్నకో గది. గుమ్మానికి ఆ ప్రశ్నే బోర్డు. లోపలికెళ్తే జవాబు. పదేళ్ల తర్వాత వెళ్లినా అదే గది, అదే బోర్డు, అదే జవాబు!

ఎంత బద్ధకమో చూశారా? ప్రపంచమంతా పరుగులు పెడుతుంటే ఒక జవాబు పెట్టినచోటే పదేళ్లు పడి ఉండటమేమిటి?

పైగా అవమానం. కొత్తగా వెళ్లి నోరు తెరిస్తే చాలు, "ముందు వెతకండి, దొరక్కపోతే అడగండి" అనేవాళ్లు. వెతకాలట! చదవాలట! మనం వెళ్లింది సాఫ్ట్‌వేర్ సంగతి అడగడానికా, పరీక్ష రాయడానికా?

అదే సోషల్ మీడియా గ్రూపు చూడండి. ఎవరూ వెతకరు. ఎవరూ చదవరు. అందరూ మాట్లాడతారు. ఇంతకంటే కలుపుగోలుతనం ఎక్కడుంది?

నామీద నమ్మకం లేకపోతే మా బావ సంగతి వినండి.

మా బావంటే మా అక్క మొగుడు. మందుల షాపుకీ టైర్ల షాపుకీ మధ్య ఇరుక్కున్న కళ్లజోళ్ల షాపు ఆయనది. ముందుగదిలో ఫ్రేములు, వెనకగదిలో అద్దాలు అరగదీసే మిషను, మిషను పక్కన కంప్యూటరు. ఆ కంప్యూటర్లో ఉంది ఆయన అసలు కాపురం. వంశవృక్షం సాఫ్ట్‌వేర్! ఎవరికెవరు ఏమవుతారో మనం ఎక్కిస్తూ పోతే, అది గీతలు గీసి పటం కట్టి చూపిస్తుంది. కొందరికి పేకాట, కొందరికి చేపలు పట్టడం, మా బావకిది. తొమ్మిదేళ్లలో ఆరువందల పన్నెండు మందిని ఎక్కించాడు.

కళ్ల పరీక్షకొచ్చినవాళ్లని కూడా వదలడు. "కింది లైను చదవండి... ఆఁ... దానికింద... ఇంతకీ మీ తాతగారిదే ఊరన్నారు?" అంటాడు. అలా ఇద్దరు దూరపు చుట్టాలని తేలారు. నలుగురు షాపు మార్చేశారు.

ఇంతమంది ఆయనకెక్కడ దొరికారంటారా? చాలావరకు వాళ్ల మేనత్త నోట్లోంచి రాలినవాళ్లే. మొన్న ఆదివారంతో ఆవిడకి తొంభై నిండాయి. ఆవిడకి మనుషులు పేర్లతో గుర్తుండరు, చేసిన పనులతో గుర్తుంటారు. "వాడా? గొడ్డలి మర్చిపోయి కట్టెలకెళ్లినవాడు. వాడి తమ్ముడు ఆ గొడ్డలి ఇద్దామని వెనకాలే వెళ్లి, దారి తప్పి, ఏడాది తర్వాత పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గొడ్డలి మాత్రం తేలేదు" అంటుంది. మా బావ ఒక్క ముక్క వదలకుండా వాళ్ల వాళ్ల పేర్ల కింద రాసుకున్నాడు. ఆవిడ తప్ప ఈ సంగతులు తెలిసినవాళ్లు ఇప్పుడు భూమ్మీద లేరు.

కిందటి నెల కొత్త కళ్లజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఆవిడ అంది: "అద్దాలు బాగానే అరగదీశావురా. కానీ వీటితో నేను చూసేదేముంది, గోడలా? నా వాళ్లందర్నీ ఒక్క కాగితం మీద నిలబెట్టు. పుట్టినరోజుకి గోడకి తగిలించు. ఎవర్ని మర్చిపోయావో నేను చెబుతా."

"అంతకంటేనా అత్తా!" అన్నాడు మా బావ. పన్నెండడుగుల ఫ్లెక్సీకి ప్రింటింగ్ షాపులో చెప్పి వచ్చాడు. శనివారం సాయంత్రంలోగా ఫైలివ్వాలి.

సోమవారం సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ వచ్చింది.

అప్‌డేట్ అంటే బాగున్నదాన్ని బాగుచెయ్యడం. ఒకే పేరుతో ఇద్దరుంటే, 'పాపం, ఒకే మనిషిని పొరపాటున రెండుసార్లు ఎక్కించారు' అనుకుని ఇద్దర్నీ కలిపి ఒకణ్ని చేసేస్తుందట ఈ కొత్తది. మా బావకి వాళ్ల తాత పేరు పెట్టారు.

ఇంకేముంది! మా బావ తనకి తానే తాతైపోయాడు. కన్నతండ్రికి కన్నతండ్రి అయ్యాడు. మేనత్త కాస్తా ఆయన కడుపున పుట్టింది. అన్నిటికంటే ఘోరం, మా అక్కకి తను పుట్టకముందే కాలం చేసిన సవతి ఒకావిడ వచ్చి పడింది.

మా అక్క స్క్రీన్ వంక కాసేపు తేరిపార చూసింది. "తొమ్మండుగురు పిల్లల్ని కన్నదా మహాతల్లి? ఓపికమంతురాలే. రేపట్నుంచి గిన్నెలు తోముతుందేమో కనుక్కో" అంది.

ప్రింట్ నొక్కితే ఇంకో తమాషా. తాత కింద కొడుకు, కొడుకు కింద మనవడు, ఆ మనవడే తాత, ఆ తాత కింద మళ్లీ కొడుకు! గీత ఆగదే! పన్నెండడుగుల ఫ్లెక్సీ నాలుగు కిలోమీటర్లయింది, ఇంకా పెరుగుతోంది. ఫోన్లో ఇది విని ప్రింటింగ్ షాపతను, "చేసిద్దాం సార్. మీ గోడ ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా?" అన్నాడు.

పాత కాపీలు లేవా అంటారు మీరు. ఉన్నాయి. తెరవడం ఆలస్యం, వాటిలోనూ తాతనీ మనవణ్నీ కలిపేస్తోంది.

ఫోరమ్ ఉన్న రోజుల్లోనైతే మా బావ బతుకు ఎంత చప్పగా సాగేదో! అక్కడ పోస్ట్‌మాస్టర్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. నిజంగానే పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడట. ప్రశ్న పడితే చాలు, ఒకటి, రెండు, మూడు అని నంబర్లేసి జవాబు రాసేవాడు. కింద తేదీ, ముద్ర కొట్టినట్టు. ప్రశ్న ఒకటి, జవాబొకటి, పని అయిపోయె. ఆ తర్వాత మనుషులు ఏం మాట్లాడుకోవాలి? ఎవరితో పోట్లాడాలి? సమాజం ఏమైపోవాలి?

ఈ ప్రమాదం గుర్తించబట్టే కిందటేడు ఫోరమ్ మూసేసి అందర్నీ గ్రూపులోకి తోలారు. గదులూ బోర్డులూ జవాబులూ ఒక్క నొక్కుతో చెరిపేశారు. ఇల్లు కడిగినట్టు శుభ్రం!

మంగళవారం పొద్దున మా బావ గ్రూపులో పోస్టు పెట్టాడు: "అప్‌డేట్ తర్వాత మా తాత కనబడటం లేదు. శనివారంలోగా దొరక్కపోతే కొంప మునుగుతుంది. సాయం చెయ్యగలరు." చూసేవాళ్లకి తెలుస్తుందని తాత ఫొటో కూడా తగిలించాడు. తలపాగా, బుర్ర మీసాలు, చేతికర్ర.

మధ్యాహ్నానికల్లా మూడువందల నలభై జవాబులు! పోస్ట్‌మాస్టర్ తన జన్మలో ఒక్క ప్రశ్నకి అన్ని ఇవ్వగలిగాడా?

అరవైమంది, జవాబొస్తే తమకీ తెలియాలని, "ఫాలోయింగ్" అన్నారు. ముప్ఫైమంది వేలు చూపించే బొమ్మ పెట్టారు. నూటపదిమంది తాతగారి ఆత్మకు శాంతి కలగాలన్నారు. ఒకాయనైతే గుండె కరిగిపోయి, "ధైర్యం తెచ్చుకోండి. మా తాతగారు కూడా ఇలాగే అప్‌డేట్ తర్వాతే పోయారు" అని రాశాడు.

శ్రద్ధగా చదివినవాళ్లు లేకపోలేదు. "చివరిసారి ఏ బట్టల్లో కనిపించారు?" అని ఒకరడిగారు. "రీస్టార్ట్ చేసి చూశారా?" అని మరొకరు. "ఎవర్ని, తాతనా?" అని ఇంకొకరు. ఒకావిడ ఫొటో కింద 'మతిమరుపు మనిషి, ఆచూకీ తెలిపిన వారికి పుణ్యముంటుంది, షేర్ చెయ్యండి' అని ఎర్రక్షరాలు పేర్చింది. అంతే! బుధవారానికి పదకొండు వేల షేర్లు. తాతని బస్టాండులో చూశామని నలుగురు. తనతో కలిసి టీ తాగాడని ఒకడు. పంచదార లేకుండా తాగాడట!

అరవయ్యేళ్ల కిందట పోయిన మనిషి బస్టాండులో కూర్చుని టీ తాగాడంటే అది గ్రూపు మహిమ కాక మరేమిటి? ఏ ఫోరమ్ ఏ తాతని బతికించిందో చెప్పండి చూద్దాం!

గురువారం షాపుకి కానిస్టేబుల్ వచ్చాడు. మా బావ కంప్యూటర్ చూపించి, గుక్క తిప్పుకోకుండా కథంతా చెప్పాడు. అతను విని, బుర్ర గోక్కుని, "అంటే ఇప్పుడు మీ తాత మీరే. అంతేగా?" అన్నాడు.

"కంప్యూటర్ ప్రకారం అంతే."

"మరి మీరు దొరికారుగా!" అని కాగితం మీద రాసేసుకుని, వచ్చినపని అయిపోయింది కాబట్టి దగ్గరచూపు పరీక్ష చేయించుకుని వెళ్లాడు.

ఈలోపు గ్రూపులో అసలు తిరనాళ్ల మొదలైంది. మనవలకి తాతల పేర్లు పెట్టొచ్చా, కూడదా? రెండు పార్టీలు. ఓటింగు. అలకలు. నువ్వెంతంటే నువ్వెంత. ఆ సందట్లో ఒకాయన తన పాత సైకిలు అమ్మేసుకున్నాడు కూడా. ఇన్ని ఉపయోగాలు!

సరిగ్గా అప్పుడే, ఆ గోలలో, పోస్ట్‌మాస్టర్ జవాబు పడింది.

మా బావ వెనకగదిలో అద్దం అరగదీస్తున్నాడు. ఫోన్ మీద ఒక్క లైను మెరిసింది: "దీనికి మూడు మెట్లు. మొదటిది..." ప్రాణం లేచొచ్చింది ఆయనకి. మిషను ఆపి, చేతులు తుడుచుకుని ఫోను తీసేసరికి పేజీ దానంతటదే కొత్తదైపోయింది. జవాబు లేదు. కిందికి జరిపాడు, పిల్లి స్నానం చేస్తున్న వీడియో. పైకి జరిపాడు, మోకాళ్ల నొప్పుల నూనె. గ్రూపులో 'తాత' అని వెతికాడు, చేతికర్రల ప్రకటన.

పది నిమిషాల్లో ఆ పోస్టు మొత్తమే మాయమైంది. 'వాతావరణం వేడెక్కినందున తొలగించడమైనది' అని అడ్మిన్ రాశాడు. పోనీ పోస్ట్‌మాస్టర్‌నే అడుగుదామంటే ఆయన్నీ గ్రూపులోంచి తీసేశారు. 'దీనికి ఇదివరకే జవాబిచ్చాను' అని పదే పదే అనడం వల్ల సభ్యుల మనసులు నొచ్చుకుంటున్నాయట.

అడ్మిన్ని తప్పుపట్టకండి. ఆయనకి వెయ్యి పనులు. కూర్చుని అన్ని జవాబులూ చదువుతాడా?

శుక్రవారం మా బావ ఒక కస్టమర్‌కి కుడి అద్దం ఎడమకీ, ఎడమ అద్దం కుడికీ బిగించాడు. ఇరవయ్యేళ్లలో ఎన్నడూ లేనిది. సాయంత్రం మేనత్త ఫోన్ చేసింది.

"నా కాగితం ఎంతదాకా వచ్చిందిరా?"

"చాలా దూరం వచ్చిందత్తా." అబద్ధం కాదు, నాలుగు కిలోమీటర్లు.

"నన్నెక్కడ పెట్టావు?"

నాకు కూతురుగా పెట్టానత్తా అని ఏ నోటితో చెబుతాడు? "మంచిచోటే పెట్టాను" అని ఫోన్ పెట్టేసి, ఫ్రేముల అర వైపు తిరిగి నిలబడిపోయాడు. తొమ్మిదేళ్లపాటు ఆవిడ ఒక్కొక్కరినీ తలుచుకుని చెప్పిన మాటలు. మళ్లీ మొదట్నుంచీ చెప్పమని అడగడానికి తొంభయ్యేళ్ల మనిషి దగ్గర ఎంత సమయముంటుంది?

శనివారం పొద్దున మా అక్క వంటింట్లో అరలు దులుపుతోంది. డబ్బాల కింద కాగితాలు పరవడం ఆవిడకి అలవాటు. ఫోరమ్ రోజుల్లో కనబడ్డ ప్రతి జవాబునీ ప్రింటు తీసుకోవడం మా బావకి అలవాటు. ఆ ప్రింట్లన్నీ ఎక్కడికి చేరతాయో వేరే చెప్పాలా?

"ఏమండోయ్!" అని కేకేసింది. "మీ పోస్ట్‌మాస్టరు నా పంచదార డబ్బా కింద పడుకున్నాడు!"

నాలుగేళ్ల కిందటి జవాబు. అప్పుడూ ఇలాంటి అప్‌డేటే ఒకటి వచ్చి, ఎవరికో తాత పోతే, మా బావదాకా చేరకముందే వెనక్కి తీసుకున్నారట. మూడే మెట్లు. కింద తేదీ. డబ్బా అడుగు గుండ్రంగా అంటుకుని, అచ్చం పోస్టాఫీసు ముద్రలాగే ఉంది. మా బావ ఆ కాగితం పట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా షాపుకి పరిగెత్తాడు. పావుగంటలో తాత తాత చోటికీ, మనవడు మనవడి చోటికీ వెళ్లారు. మా అక్కకి సవతి పోరు వదిలింది.

ఆదివారం మా అక్క నోట కథంతా విన్నాక మేనత్త ఫ్లెక్సీ తగిలించిన గోడ ముందు కుర్చీ వేయించుకుంది. కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి ఒక్కొక్కర్నీ పలకరించింది. గొడ్డలి మర్చిపోయినవాడి దగ్గర ఆగి, "వీడి తమ్ముణ్ని కొంచెం ఎడంగా పెట్టాల్సింది, దారి తప్పినవాడు కదా" అంది. వాళ్ల నాన్న దగ్గర మాత్రం వేలు చాలాసేపు తీయలేదు. చివరికి వెనక్కి తిరిగి, "ఒకణ్ని మర్చిపోయావురా" అంది.

"ఎవర్నత్తా?" మా బావ గోడ దగ్గరికి ఉరికాడు.

"పంచదార డబ్బా కింద దొరికినవాణ్ని. మనవాడు కాకపోతేనేం, ఆ మూల రాయి."

పెన్నుతో రాశాడు.

ఇంత జరిగినా నేను నా మాట మీదే ఉన్నాను. గ్రూపులే మేలు! ఎందుకంటారా? మా బావ చెవిన వెయ్యనని ఒట్టేస్తే చెబుతాను. ఆ గ్రూపు అడ్మిన్ని నేనే. ఫోరమ్ ఎందుకు దండగ అని మూయించినవాణ్నీ, పోస్ట్‌మాస్టర్‌ని గెంటినవాణ్నీ నేనే. ఫొటో ఉండాల్సినచోట పువ్వు బొమ్మ పెట్టుకున్నాను కాబట్టి ఆ ఆదివారం మా అక్క చేతి భోజనం దక్కింది.

ఇంతకీ ఆ మూడు మెట్లు. ఒకటి: ఇంటర్నెట్ పీకేసి సాఫ్ట్‌వేర్ తెరవండి. రెండు: సెట్టింగుల్లో 'ఒకే పేరున్నవాళ్లను కలుపు' అన్నదాని ముందున్న టిక్కు తీసెయ్యండి. మూడు: అప్పుడు మాత్రమే పాత కాపీ తెరవండి.

చదివాక ఈ పేజీ పారెయ్యకండి, పంచదార డబ్బా కింద పరుచుకోండి. గ్రూపులో మాత్రం పెట్టకండి. అలవాటు కొద్దీ తీసేస్తాను.